పోలీసు చెయ్యెత్తితే: స్పీడ్ గన్‌కు చిక్కిన దగ్గర నుంచి చలానా తేలేదాకా

హన్మకొండలో కార్లు నేర్పడం నా పని. క్లచ్ ఎలా వదలాలి, గుట్ట ఎక్కుతుంటే బండి వెనక్కి జారకుండా ఎలా పట్టుకోవాలి, ఇరుకు సందులో రివర్స్ ఎలా పెట్టాలి, అన్నీ చెప్తాను. ముందర పోలీసు రోడ్డు మీదకొచ్చి చెయ్యెత్తితే ఏం చెయ్యాలో మాత్రం చాలా ఏండ్లు చెప్పలేదు. నా దగ్గర నేర్చుకున్న ఒక పిల్లవాడు కరీంనగర్ రోడ్డులో హసన్‌పర్తి దాటాక పోలీసులను చూసి ఒక్కసారిగా బ్రేక్ తొక్కాడు. వెనక వస్తున్న స్కూటీ వచ్చి కారును గుద్దింది. స్కూటీ మీదున్నామె మణికట్టు విరిగింది. చలానాకు భయపడి తొక్కిన బ్రేకు అది. అప్పటి నుంచి చివరి రోజు క్లాసులో అరగంట దీనికే పెడుతున్నాను. ఆ అరగంటలో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. మన దగ్గర వేగం కేసుల్లో చాలావాటికి అసలు బండిని ఆపరు. లేజర్ గన్‌తో ఫొటో తీస్తారు, చలానా ఫోనుకు వస్తుంది. ఆపితే మాత్రం వేగంతో పాటు లైసెన్సు, ఇన్సూరెన్సు, పాత చలానాలు అన్నీ బయటికొస్తాయి. కాబట్టి తయారీ ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి.

ఇంటి దగ్గరే చూసుకోవాల్సినవి

లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. సొంత కారుకైనా బైకుకైనా ఈ నాలుగూ ఉంటే చాలు. కాగితం రూపంలోనే ఉండాలని ఏమీ లేదు. డిజీలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో ఉన్న పత్రాలు చట్టం ప్రకారం చెల్లుతాయి. మన రాష్ట్రంలోనైతే 2016 నుంచే ఆర్టీఏ (రవాణా శాఖ) వాళ్ల ఎం-వాలెట్ యాప్ ఉంది. కానీ గ్యాలరీలో ఉన్న ఫొటో చూపించి ఇదే నా లైసెన్స్ అంటే ఒప్పుకోవాలని లేదు. యాప్‌లోనే తెరిచి చూపించాలి. ములుగు దాటి ఏటూరునాగారం అడవిలోకి పోతే సిగ్నల్ ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేం. అటు పోయేవాళ్లు అసలు కార్డులు పర్సులో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఇన్సూరెన్సు, పొల్యూషన్ తేదీలు నెలకోసారి చూసుకోండి. వేగానికి ఆపితే ఇన్సూరెన్సు ముగిసిన సంగతి అక్కడ తెలిసిన వాళ్లను చాలామందిని చూశాను.

ఇక వేగం సంగతి. కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు గరిష్ఠం 100, బైకుకు 80. ఊళ్లల్లో, మామూలు రోడ్ల మీద కారుకు 70, బైకుకు 60. ఆటోకు ఎక్కడైనా 50. అయితే ఇది పై హద్దు మాత్రమే. స్థానికంగా అంతకన్నా తక్కువ పెట్టే అధికారం రాష్ట్రానికి ఉంది. రోడ్డు పక్కన బోర్డు మీద 60 అని ఉంటే మీకు 60 లెక్క. హైదరాబాద్ రోడ్డులో జనగామ దాటి రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్ వైపు వచ్చేటప్పుడు రోడ్డు నున్నగా ఉంటుంది, కాలు దానంతటదే కిందికి పోతుంది. ఊరు దగ్గర పడేసరికి బోర్డు మారుతుంది. అది చూడకుండా పోయినవాళ్లే ఎక్కువగా దొరుకుతారు.

చెయ్యెత్తింది చూశాక మొదటి పది సెకన్లు

ఈ భాగాన్ని నెమ్మదిగా చదవండి. దెబ్బలు తగిలేది ఇక్కడే.

వంద మీద పోతున్న బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. పోలీసు మీకు యాభై మీటర్ల ముందర నిలబడి చెయ్యెత్తాడనుకోండి, మీరు బ్రేకు మీద కాలు పెట్టకపోతే రెండు సెకన్లు కూడా గడవకముందే ఆయన మీద ఉంటారు. మిమ్మల్ని ఆపడానికి ఆయన తన ప్రాణాన్ని రోడ్డు మీద నిలబెట్టాడు. ఆ సంగతి గుర్తుంటే మిగతాదంతా సరిగ్గానే జరుగుతుంది.

యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యండి. అద్దంలో వెనక చూడండి. ఎడమ ఇండికేటర్ వెయ్యండి. మీ కోసమే చెయ్యెత్తారని అర్థమైందని చెప్పడానికి ఒకసారి తల ఊపినా, డిప్పర్ కొట్టినా చాలు, ఆయన పక్కకు జరుగుతాడు. తర్వాత మెల్లగా బ్రేకు. ఆయన ముందర ఆపొద్దు. ఆయన్ని దాటి పది, పదిహేను మీటర్లు ముందుకు పోయి తెల్ల గీతకు ఎడమ పక్కన మట్టి మీదకు దించి ఆపండి. నాలుగు చక్రాలూ తారు దిగాలి. వరి కోతలప్పుడు మన రోడ్ల పక్కన వడ్లు ఆరబోసి ఉంటాయి, చుట్టూ రాళ్లు పేర్చి పెడతారు. చీకట్లో ఆ రాళ్లు కనిపించవు. అలాంటి చోట చెయ్యెత్తితే ఇండికేటర్ వేసుకుని మెల్లగా ఇంకొంచెం ముందుకు పోయి ఖాళీ జాగాలో ఆపితే తప్పు లేదు. పారిపోతున్నారని ఎవరూ అనుకోరు, ఇండికేటర్ వెలుగుతూ ఉండాలి, వేగం తగ్గుతూ ఉండాలి, అంతే.

బైకు మీద ఉన్నవాళ్లు ఇంకా పైలంగా ఉండాలి. గట్టిగా ముందు బ్రేకు పట్టొద్దు, కంకర మీద చక్రం జారుతుంది. పూర్తిగా ఆగి, ఇంజన్ ఆపి, స్టాండ్ వేశాకే హెల్మెట్ తియ్యండి. మొహం కనిపిస్తే మాట సులువవుతుంది.

యూ టర్న్ కొట్టొద్దు. డివైడర్ సందులోంచి రాంగ్ రూట్‌లో పోవద్దు. పక్క ఊరి తొవ్వలోకి దూరొద్దు. నంబర్ ప్లేటు ఫొటో అప్పటికే పడింది, పారిపోయినా చలానా వస్తుంది. ఆపమన్నప్పుడు ఆగకపోతే దానికి వేరే సెక్షన్ ఉంది. ఎలాగూ తప్పని చలానాకు భయపడి పరుగెత్తి రాంగ్ రూట్‌లో లారీ కింద పడ్డవాళ్లకు ఏ కోర్టూ ఏమీ చెయ్యలేదు.

ఆగాక హ్యాండ్ బ్రేక్ వెయ్యండి, ఇంజన్ ఆపండి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించండి. రాత్రయితే హెడ్‌లైట్ తగ్గించి లోపలి లైటు వెయ్యండి. చీకటి బండిలో ఎవరున్నారో తెలియకుండా దగ్గరికి రావడం పోలీసుకూ భయమే.

బండి దిగాలా, కూర్చోవాలా

కారులోనే కూర్చోండి. అద్దం పూర్తిగా దించండి, పాట ఆపండి, ఫోను పక్కన పెట్టండి. సీట్ బెల్టు అప్పుడే తియ్యకండి. ఆయన వచ్చేలోపు బెల్టు తీసేస్తే మొదటి నుంచీ పెట్టుకోలేదని ఆయన అనుకోవచ్చు, కాదని నిరూపించడం కష్టం. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చుంటే మీకూ వణుకు తగ్గుతుంది.

మన దగ్గర అలవాటు ఏంటంటే అధికారి తన బండి దగ్గరే ఉండి ఇటు రా అని పిలుస్తాడు. పిలిస్తే దిగండి. దిగేటప్పుడు ఈ ఒక్కటి చెయ్యండి. కుడి పక్క తలుపును ఎడమ చేత్తో తెరవండి. ఎడమ చెయ్యి తలుపు దాకా పోవాలంటే ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, కళ్లు వెనక నుంచి వచ్చే బండి మీద పడతాయి. కుడి చేత్తో తీస్తే చూపు ముందుకే ఉంటుంది. నా దగ్గర నేర్చుకునే ప్రతి ఒక్కరితో దీన్ని ఇరవై సార్లు చేయిస్తాను. దిగాక రోడ్డు వైపు నిలబడకుండా బండి చుట్టూ తిరిగి ఎడమ పక్కకు రండి.

వెనక కూర్చున్నవాళ్లను దిగనివ్వొద్దు. పిల్లలైతే అసలే వద్దు. మాట్లాడేది నడిపినవాళ్లు ఒక్కరే. పక్కనున్న బావగారో మామయ్యో కిటికీలోంచి తల బయటపెట్టి వాదన మొదలుపెడితే చిన్న పని పెద్దదవుతుంది. బయలుదేరే ముందే వాళ్లకు చెప్పి ఉంచితే మంచిది.

ఏం మాట్లాడాలి

సార్ అనండి, మేడం అనండి. కానిస్టేబుల్ అయినా, ఎస్సై అయినా అదే. అక్కడ నడిచే మాటలు సుమారుగా ఇలా ఉంటాయి:

"ఎంత స్పీడ్‌ల వస్తున్నవ్ తెలుసా?"

"మీటర్ సరిగ చూసుకోలేదు సార్. ఎంత పడ్డదో ఒకసారి చూపిస్తరా?"

"తొంబై ఆరు. ఇక్కడ అరవయ్యే."

"సరే సార్. చలానా రాయండి. కాగితాలు ఇస్త."

ఇంతకన్నా ఎక్కువ అవసరం లేదు. ఎంత వేగంతో వచ్చారో మీకు నిజంగా తెలియకపోతే తెలియదనండి. తెలిస్తే ఒప్పుకోండి. ఒప్పుకోవడం ఇష్టం లేకపోతే కూడా మర్యాదగా "రీడింగ్ చూస్తాను సార్" అని ఊరుకోవచ్చు. అబద్ధం మాత్రం వద్దు. రోజూ వందమందిని ఆపేవాళ్లు వాళ్లు. "ఆస్పత్రిలో సీరియస్ సార్" అన్న మాట ఉదయం నుంచి ఎన్నిసార్లు విని ఉంటారో ఊహించండి. మీ అబద్ధం వల్ల, నిజంగా బండిలో రోగిని పెట్టుకుని వచ్చే తర్వాతి మనిషిని కూడా నమ్మరు.

నిజంగానే అత్యవసరమైతే మొదటి వాక్యంలోనే చెప్పండి. ఎవరికి ఏమైంది, ఏ ఆస్పత్రికి పోతున్నారు, ఈ రెండే. రోగి బండిలో ఉంటే చూపించండి. చాలాసార్లు వాళ్లే ముందుకు పంపిస్తారు. అక్కడే 108కి ఫోన్ చెయ్యమని అడగొచ్చు కూడా.

ఎమ్మెల్యే పేరు, కార్పొరేటర్ పేరు, పోలీసు శాఖలో ఉన్న చుట్టం పేరు తియ్యకండి. ఫోన్ కలిపి "మాట్లాడండి సార్" అని ఆయన చేతిలో పెట్టకండి. తన పని తాను చేసుకుంటున్న మనిషిని అందరి ముందర చిన్నబుచ్చడం అది.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఒక ఏప్రిల్‌లో అమ్మను హైదరాబాద్‌లో కంటి డాక్టరుకు చూపించడానికి తీసుకుపోతుంటే ఆపారు. నేను దిగి, నా ముందు పోయిన తెల్ల కారు ఇంకా స్పీడ్‌గా పోయింది, దాన్నెందుకు ఆపలేదని మొదలుపెట్టాను. మాటకు మాట పెరిగింది. నలభై నిమిషాలు గడిచింది. తిరిగి వచ్చేసరికి ఇంజన్ ఆపిన కారులో, సగం దించిన అద్దం దగ్గర అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ కూర్చుంది. నీళ్ల సీసా ఖాళీ. నన్ను ఒక్క మాట అనలేదు. డాక్టర్ దగ్గర మా నంబర్ దాటిపోయింది, మళ్లీ వారానికి రమ్మన్నారు. ముందు పోయిన కారు సంగతి నాది కాదు, నా మీటర్ సంగతే నాది అని ఆ రోజు అర్థమైంది.

రీడింగ్ చూడటం మీ హక్కు, వాదించే చోటు అది కాదు

ఇక్కడ చట్టం మీకూ కొంత రక్షణ ఇచ్చింది. మోటారు వాహన చట్టం 183వ సెక్షన్‌లోనే ఉంది: ఒక సాక్షి "నా కంటికి వేగంగా అనిపించింది" అన్నంత మాత్రాన శిక్ష వెయ్యడానికి లేదు, ఏదో ఒక యంత్రం లెక్క దానికి ఆధారంగా ఉండాలి. గన్ వాడేది అందుకే. కాబట్టి రీడింగ్ చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

చూపిస్తే ఇవి చూడండి: నంబర్ ప్లేటు మీదేనా, గురి మీ బండి మీద ఉందా, పక్క బండి మీదా, టైము సరిపోతుందా, వేగం ఎంత, అక్కడి హద్దు ఎంత అని రాశారు. మన రోడ్ల మీద ఒకే రంగు, ఒకే మోడల్ కార్లు జంటగా పోతుంటాయి, పొరపాటు జరగొచ్చు. తేడా కనిపిస్తే ఒక్కసారి చెప్పండి. "సార్, గురి పక్క బండి మీద ఉన్నట్టుంది, ఒకసారి చూడండి." ఒప్పుకోకపోతే వదిలెయ్యండి. జాగా పేరు, టైము, దగ్గరలో బోర్డు ఉందో లేదో రాసి పెట్టుకోండి. డాష్ క్యామ్ ఉంటే ఆ వీడియో దాచండి. అది తేల్చుకునే చోటు వేరే ఉంది.

కాగితాలు, కార్డు, డబ్బు

యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాల్సిందే, 130వ సెక్షన్ చెప్పేది అదే. డ్యాష్‌బోర్డు అరలోంచి తియ్యాలంటే ముందు చెప్పి తియ్యండి. ఏదైనా పత్రం ఆ క్షణాన దగ్గర లేకపోతే 15 రోజుల్లో చూపించే వీలు నిబంధనల్లో ఉంది. ఆ మాట గొంతు పెంచకుండా చెప్పొచ్చు.

లైసెన్సును స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకు ఉంది. 2019 సవరణ తర్వాత వేగం కేసులో కూడా తీసుకుని, సస్పెన్షన్ కోసం ఆర్టీఏకు పంపొచ్చు. తీసుకుంటే రసీదు ఇవ్వాలి. కానీ వేగం కేసులో తీసుకుంటే ఆ రసీదుతో బండి నడపడానికి లేదు, కార్డు తిరిగి వచ్చేదాకా ఆగాల్సిందే. రసీదు లేకుండా కార్డు వదిలి రావొద్దు. "రసీదు ఇవ్వండి సార్" అని అడగండి, అడిగిన తీరులో తప్పు లేకపోతే ఇస్తారు.

జరిమానా ఎంత? కేంద్ర చట్టంలో కారుకు వెయ్యి నుంచి రెండు వేలు, లారీలూ బస్సుల్లాంటి పెద్ద బండ్లకు రెండు వేల నుంచి నాలుగు వేలు. మన రాష్ట్రంలో వేగం చలానా మీద ఎక్కువగా కనిపించే అంకె 1035, వెయ్యి జరిమానా, 35 యూజర్ చార్జీ. మామూలు వేగం కాకుండా ప్రమాదకరంగా నడిపారని 184 కింద రాస్తే సంగతి వేరు, దానికి జైలు శిక్ష కూడా ఉంది. చలానా మీద ఏ సెక్షన్ రాశారో చూడండి.

నగదు చేతికివ్వకండి. ఎవరి సొంత ఫోన్ నంబర్‌కూ డబ్బు కొట్టకండి. చలానా రాష్ట్ర పోలీసుల ఈ-చలానా సైటులో గానీ, మీసేవలో గానీ కట్టొచ్చు. "ఎంతో కొంత తీసుకుని వదిలెయ్యండి సార్" అనే మాట మన నోటి నుంచే ముందు వస్తుంది చాలాసార్లు. అది అడగడమూ నేరమే. అవతలివాళ్లే అడిగితే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) నంబర్ 1064.

ఇంటర్‌సెప్టర్ (స్పీడ్ గన్ ఉన్న పోలీసు బండి) వాళ్లు ట్యాబ్‌లో నంబర్ కొట్టగానే పాత చలానాలు కూడా బయటపడతాయి. 2022 మార్చిలో, మళ్లీ 2023 డిసెంబర్ చివర్లో రాయితీలు ఇచ్చారు. రెండోసారి బైకులకు, ఆటోలకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. ఆ ఆశతో చాలామంది కట్టకుండా పెట్టుకుంటున్నారు. నా మాట వింటే పెట్టుకోకండి. పది చలానాలున్న బండిని ఆపిన అధికారి మీ మర్యాదను కూడా అనుమానంగానే చూస్తాడు.

బ్రీత్ టెస్ట్ అడిగితే

ఊదండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే 185వ సెక్షన్, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. కొత్త గొట్టం పెట్టమని అడగొచ్చు. ఊదనంటే వారెంట్ లేకుండా అరెస్టు చేసే వీలుంది. తాగి ఉంటే తాళాలు ఇంకొకరికి ఇచ్చి ఆటోలో పోండి, అంతకుమించి సలహా నా దగ్గర లేదు.

అవతలివాళ్లు హద్దు దాటితే

చాలామంది పోలీసులు నిలబడి నిలబడి అలిసిపోయిన మామూలు మనుషులు. మే నెల ఎండలో మడికొండ దగ్గర నాలుగు గంటలు నిలబడితే ఎవరి గొంతైనా కరుకవుతుంది. కరుకుదనాన్ని పట్టించుకోకండి.

కానీ తిట్టడం, చెయ్యి చేసుకోవడం, తాళంచెవి లాక్కోవడం వేరు. తాళంచెవి లాక్కోమని మోటారు వాహన చట్టంలో ఎక్కడా లేదు. అయినా చేతిలోంచి గుంజుకోవద్దు, ఆ పెనుగులాటలో కేసు మీ మీదకే తిరుగుతుంది. ఛాతీ మీద పేరు, టైము, జాగా, వాళ్ల బండి నంబర్ గుర్తుపెట్టుకోండి. ఫోన్‌లో తీస్తే దాచి తియ్యకండి, మొహం మీద పెట్టి కూడా తియ్యకండి. "రికార్డు చేస్తున్నాను సార్" అని చెప్పి ఛాతీ ఎత్తులో పట్టుకోండి. ఆ రోజే రాతపూర్వకంగా పై అధికారికి ఇవ్వండి. హన్మకొండ, వరంగల్, జనగామ ఈ మూడూ వరంగల్ కమిషనరేట్ కిందికి వస్తాయి. ఒంటరిగా ఉన్న ఆడవాళ్లను రాత్రిపూట నిర్మానుష్యమైన చోట ఆపితే, యూనిఫాం మీద అనుమానం వస్తే, తలుపులు లాక్ చేసి, అద్దం కొద్దిగా దించి, 100కి ఫోన్ చేసి నిర్ధారించుకోవచ్చు. "ఫోన్ చేస్తున్నాను సార్" అని చెప్పి చెయ్యండి.

మళ్లీ రోడ్డెక్కేటప్పుడు

చలానా పడ్డాక తల వేడిగా ఉంటుంది. పోయిన టైమును రాబట్టుకోవాలని ఇంకా తొక్కుతారు. నేనైతే చలానా పడ్డాక ఐదు నిమిషాలు ఆగి నీళ్లు తాగి బయలుదేరమంటాను. కుడి ఇండికేటర్ వేసి, అద్దం చూసి, భుజం మీంచి ఒకసారి వెనక్కి చూసి, మట్టి మీదే కొంచెం వేగం అందుకుని తారెక్కండి. నిలబడ్డ బండి ఒక్కసారిగా నాలుగు వరుసల రోడ్డు మీదకు వస్తే వెనక లారీకి ఆగే జాగా ఉండదు.

చలానా ఇంటికొచ్చాక

ఆపకుండా కెమెరాతో తీసిన వాటికి 2021 ఆగస్టు నుంచి కేంద్ర నిబంధన ఉంది: నేరం జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి, కెమెరా ఉన్న చోటికి ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. సైటులో నంబర్ కొట్టి ఫొటో తెరవండి. ప్లేటు పెద్దది చేసి చూడండి. బండి మీది కాకపోతే, నంబర్‌లో 3ను 8గా చదివినట్టుంటే, ఆర్‌సీ కాపీ, మీ బండి ఫొటో జతచేసి సైటులోనే ఫిర్యాదు పెట్టండి, ట్రాఫిక్ స్టేషన్‌కు కూడా పోయి రండి. ఒప్పుకోని చలానాను కోర్టులో తేల్చుకునే దారి ఉంటుంది. అప్పటికి కట్టేస్తే ఒప్పుకున్నట్టే.

చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే తెరవొద్దు. తెరిచిన ఫోన్లలోంచి బ్యాంకు ఖాతాలు ఖాళీ అవుతున్నాయి. పొరపాటున తెరిస్తే వెంటనే డేటా ఆపి, ఇంకో ఫోన్ నుంచి సైబర్ మోసాల నంబర్ 1930కి చెప్పండి.

డ్రైవర్‌ను పెట్టుకున్న యజమానులకు కూడా ఒక మాట. పత్తి లోడు ఎనుమాముల మార్కెట్‌కు తెల్లారేసరికి చేరాలని, విమానం టైముకు శంషాబాద్‌లో ఉండాలని తొందరపెడుతుంటారు. 183వ సెక్షన్ నడిపినవాళ్లతో ఆగదు, తన కింద పనిచేసే మనిషితో వేగంగా నడిపించినవాళ్లకూ అదే జరిమానా అంటుంది. చలానాను డ్రైవర్ జీతంలో కోసే ముందు, ఎన్ని గంటలకు బయలుదేరమన్నారో ఒకసారి లెక్క చూసుకోండి.